వేలు ఆగిన చోట

ఒక వెబ్‌సైటుకు జనం మూడు దారుల్లో చేరతారు. పేరు గుర్తుంచుకుని నేరుగా వచ్చేవాళ్లు కొందరు. ఏదో కావలసి గూగుల్‌లో వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కొందరు. మూడో రకం వాళ్లు అసలు వద్దామని బయల్దేరినవాళ్లు కారు. ఫేస్‌బుక్‌లో చుట్టాల పెళ్లి ఫొటోలు చూస్తూ, ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ తర్వాత రీల్ పైకి తోసేస్తూ, వాట్సాప్ గ్రూపులో గులాబీల శుభోదయాలు దాటుకుంటూ పోతుంటే ఒక లింకు దగ్గర వేలు ఆగింది. నొక్కారు, వచ్చిపడ్డారు. సోషల్ మీడియా వెబ్‌సైట్లకు పంపే ట్రాఫిక్ అంటే ముఖ్యంగా ఈ మూడో రకమే. లెక్కల్లో అందరూ ఒకే అంకెలో కలిసిపోయినా వీళ్ల నడవడిక వేరు, ఓపిక వేరు, మళ్లీ వచ్చే అవకాశం వేరు.

కందిపప్పుకు పురుగు పట్టకుండా ఏం చేయాలని వెతికేవారి దగ్గర ఒక ప్రశ్న ఉంటుంది. జవాబు దొరికేదాకా నాలుగు పేజీలు తిరగేస్తారు, పేజీ నెమ్మదిగా తెరుచుకున్నా కాసేపు ఓర్చుకుంటారు. సోషల్ మీడియాలో ఉన్నవారి దగ్గర ప్రశ్నే లేదు. సరుకుల చీటీ పట్టుకుని సంతకు వెళ్లడానికీ, తిరునాళ్లలో ఊరికే తిరగడానికీ ఉన్న తేడా ఇది. తిరునాళ్లలోనూ కొంటారు. కాకపోతే ఏం కొంటారో వాళ్లకే తెలియదు. కంటికి నచ్చితే కొంటారు, పక్కవాళ్లు కొంటుంటే కొంటారు. జేబులోంచి డబ్బు తీసేలోపు ఇంకో దుకాణం కనిపిస్తే అటు నడుస్తారు. పైగా ఈ తిరునాళ్లను నడిపేవారికి జనం బయటికి పోవడం ఇష్టం ఉండదు. లోపల ఉన్నంతసేపే వాళ్లకు ప్రకటనల ఆదాయం. బయటి వెబ్‌సైటు లింకు అంటే ప్రహరీలో తెరిచిన తలుపు. సోషల్ మీడియాకూ వెబ్‌సైట్లకూ మధ్య ఇరవై ఏళ్లుగా నడుస్తున్న కథంతా ఆ తలుపు ఎంత తెరవాలన్నదే.

ముందు జనం సంగతి. ఆన్‌లైన్ బృందాల్లో నూటికి తొంభై మంది చూసి ఊరుకుంటారనీ, తొమ్మిది మంది అప్పుడప్పుడు ఏదో ఒకటి అంటారనీ, మిగిలిన ఆ ఒక్కరే రాతకోతలన్నీ చేస్తారనీ వెబ్ వాడకంపై పనిచేసే జేకబ్ నీల్సన్ 2006లో ఒక అంచనా చెప్పారు. ఈ 90-9-1 పాళ్లు అన్నిచోట్లా అచ్చంగా ఇలాగే ఉండవు. అయినా ఏ కాలనీ వాట్సాప్ గ్రూపును చూసినా విషయం అర్థమవుతుంది. రెండు వందల మందిలో రోజూ మాట్లాడేది ఆ ఐదారుగురే. మిగతావాళ్లు లేరని కాదు. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందని ఎవరైనా అడిగితే వెంటనే బయటపడతారు. వెబ్‌సైటు నడిపేవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. కామెంట్లలో అరుస్తున్నవాళ్లనే పాఠకులనుకుంటారు. లింకును చప్పుడు లేకుండా నొక్కి, చదివి వెళ్లిపోయేవాళ్లు లైకుల్లోనూ కనిపించరు, కామెంట్లలోనూ కనిపించరు. ట్రాఫిక్‌లో పెద్ద వాటా మాత్రం వాళ్లదే.

దీనికి తిరగేసిన సంగతి ఇంకా వింతగా ఉంటుంది: షేర్ చేసినవాళ్లందరూ చదివినవాళ్లు కారు. 2014 ఏప్రిల్ 1న అమెరికా పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ తన ఫేస్‌బుక్ పేజీలో, అమెరికా ఇప్పుడెందుకు చదవడం మానేసిందన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక లింకు పెట్టింది. లింకు తెరిచినవాళ్లకు లోపల వ్యాసం లేదు. ఇది ఏప్రిల్ ఫూల్ ఆట అనీ, చదివినవాళ్లు దయచేసి కామెంట్ పెట్టకుండా లైక్ మాత్రం కొట్టి ఏం జరుగుతుందో చూడమనీ రాసి ఉంది. ఈలోగా తెరవనివాళ్లంతా కింద చేరి, మేం చదువుతూనే ఉన్నామని కొందరు, ఈ తరం చెడిపోయిందని కొందరు వాదించుకున్నారు.

అది సరదాగా చేసింది. పరిశోధకులు లెక్కలు తీసినా ఫలితం దాదాపు అంతే. కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌కు చెందిన ఇన్రియా సంస్థల పరిశోధకులు 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ట్విటర్‌లో షేరైన లింకుల్లో 59 శాతం ఒక్కసారైనా ఎవరూ నొక్కనివే. 2017 నుంచి 2020 వరకు ఫేస్‌బుక్‌లో లింకులతో వచ్చిన మూడున్నర కోట్ల బహిరంగ పోస్టులను పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ బృందం విశ్లేషించింది. 2024లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం దాదాపు 75 శాతం షేర్లు లింకు తెరవకుండా చేసినవే. అంటే చాలామందికి శీర్షికే వ్యాసం. షేర్ చేయడం చదవడానికి కొనసాగింపు కాదు, అదో వేరే పని. చదవడం తన కోసం. షేర్ చేయడం నలుగురికి తానేమిటో చూపించుకోవడం కోసం. తమ కులం, ఊరు, అభిమాన హీరో, పార్టీ, దేవుడు, పిల్లల చదువు, మోకాళ్ల నొప్పులు, ఇలా తాము పట్టించుకునేదాన్ని ఆ లింకు మోస్తుందనిపిస్తే చాలు, లోపల ఏముందన్న పట్టింపు తక్కువ.

చిన్న అడ్డం పెడితే ఈ అలవాటు కొంత మారుతుందని కూడా తేలింది. 2020లో ట్విటర్ ఒక మార్పు చేసింది. వ్యాసం తెరవకుండా రీట్వీట్ చేయబోయేవారిని, ముందు చదువుతారా అని అడిగింది. ఆ ప్రశ్న కనిపించాక వ్యాసాలు తెరవడం 40 శాతం పెరిగిందని ఆ సంస్థ ప్రకటించింది. ఆపలేదు, నిషేధించలేదు, ఊరికే అడిగిందంతే.

ఏ లింకు దగ్గర వేలు ఆగుతుంది? వార్టన్ స్కూల్‌లో జోనా బెర్గర్, కేథరిన్ మిల్క్‌మన్ ఈ ప్రశ్నతో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన దాదాపు 7,000 వ్యాసాలను పరిశీలించారు. పాఠకులు ఇతరులకు ఎక్కువగా ఈమెయిల్ చేసినవి ఏవని చూశారు. 2012లో వెలువడిన ఈ అధ్యయనంలో తేలింది ఇది: మనిషిని కుదిపే భావోద్వేగం ఉంటే కదులుతుంది, కుంగదీసే భావోద్వేగం ఉంటే ఆగిపోతుంది. అబ్బురం, కోపం, ఆందోళన కలిగించే వ్యాసాలు ఎక్కువగా చేతులు మారాయి. విషాదం కలిగించేవి అంతగా కదల్లేదు. దుఃఖం మనిషిని ఉన్నచోటే కూర్చోబెడుతుంది కదా.

యంత్రం కూడా ఇదే పాఠం నేర్చుకుంది. ఫేస్‌బుక్ 2016లో లైకుతో పాటు కోపం, నవ్వు, ఏడుపు, ఆశ్చర్యం ఎమోజీలు తెచ్చింది. ఏ పోస్టును ఎక్కువమందికి చూపాలో తేల్చేటప్పుడు 2017 నుంచి ఒక్కో ఎమోజీని ఐదు లైకులతో సమానంగా లెక్కించిందని, 2021లో బయటికొచ్చిన ఆ సంస్థ అంతర్గత పత్రాల వల్ల లోకానికి తెలిసింది. కోపం ఎమోజీకి విలువ సున్నాకు తగ్గించింది 2020లో. ఆ మధ్యకాలంలో, జనానికి కోపం తెప్పించే శీర్షిక పెట్టిన సైటుకు అదనపు లాభం దక్కిందన్నమాట.

శీర్షికల కథకు అప్‌వర్తీ అనే అమెరికన్ సైటు పాఠ్యపుస్తకం లాంటిది. 2012లో మొదలైంది. సొంతంగా రాసింది తక్కువ. మంచి వీడియోలు ఏరి, వాటికి ఊరించే శీర్షికలు పెట్టి ఫేస్‌బుక్‌లో వదిలేది. ఒక్కో అంశానికి 25 శీర్షికలు రాసి, అందులో పారేదాన్ని ఎంచుకోవడం వాళ్ల పద్ధతి. తర్వాత ఏం జరిగిందో మీరు నమ్మలేరు అనే ధోరణిని ప్రపంచానికి అంటించింది ఇలాంటివాళ్లే. 2013 చివరికి నెలకు ఎనిమిది కోట్లకు పైగా సందర్శకులు. ఫేస్‌బుక్ తన ఫీడ్‌ను సవరించాక కొద్ది నెలల్లోనే దాదాపు సగం మంది మాయం. 2014 ఆగస్టులో ఫేస్‌బుక్ ఇంకో మాట చెప్పింది: లింకు నొక్కినవారు ఎంతసేపటికి తిరిగొస్తున్నారో చూస్తామని. వెళ్లినవారు వెంటనే వెనక్కొస్తే ఆ శీర్షిక మోసం చేసిందని అర్థం.

తెలుగులో ఆ శీర్షికల కళ చావలేదు, యూట్యూబ్‌కు కాపురం మార్చింది. ఎర్ర బాణం గుర్తు, నోరు తెరిచిన ముఖం, సగంలో ఆపేసిన వాక్యం, పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు ఉన్న థంబ్‌నెయిల్ ఎరగనివారు తెలుగు నేలమీద లేరు. మోసమని తెలిసీ నొక్కుతారు. తిట్టుకుంటూ మొత్తం చూస్తారు కూడా.

లింకు పారితే ఏం జరుగుతుందన్నది ఇంకో ప్రకరణం. 1997లో అమెరికాలోని మిషిగన్‌లో రాబ్ మాల్డా అనే విద్యార్థి స్లాష్‌డాట్ అనే సైటు పెట్టాడు. కంప్యూటర్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లు అక్కడ చేరేవారు. స్లాష్‌డాట్ ఏదైనా చిన్న సైటు లింకు ఇస్తే వేలమంది ఒక్కసారి అక్కడ వాలేవారు, ఆ సైటు కుప్పకూలేది. దానికి స్లాష్‌డాట్ ప్రభావం అనే పేరే స్థిరపడింది. ఆ తర్వాత అదే కోవలో డిగ్ వచ్చింది, రెడిట్ వచ్చింది. రెడిట్‌లో దీన్నే మృత్యు కౌగిలి అని వేళాకోళమాడతారు. ప్రేమతోనే వస్తారు, వచ్చి చంపేస్తారు. 2015 ఫిబ్రవరిలో ఒక గౌను ఫొటో టంబ్లర్‌లో కనిపించింది. కొందరికి నీలం, నలుపు. కొందరికి తెలుపు, బంగారు రంగు. బజ్‌ఫీడ్ అనే సైటు దాన్ని తెచ్చి ఓటు అడిగింది. ఒక దశలో ఆ ఒక్క పేజీని ఒకే సమయంలో 6,70,000 మందికి పైగా చూస్తున్నారు. ఆ తాకిడికి సైటు నిలబడటం అప్పట్లో ఇంజినీర్లకు గర్వకారణమైంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ వరద ఏటా ఒకే కాలంలో వస్తుంది, అది ఇంటర్, పదో తరగతి ఫలితాల రోజు. లక్షలమంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఊళ్లో మేనత్తలు, అమెరికాలో పిన్నులు, అందరూ అదే నిమిషంలో అదే లింకు నొక్కుతారు. పేజీ తెరుచుకోకపోతే ఊరుకోరు. మళ్లీ మళ్లీ నొక్కి బరువు ఇంకా పెంచుతారు. ఇంకో లింకు దొరికితే గ్రూపులో వేస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వాట్సాప్‌లోనే చూసుకునే వీలు కలిగింది. జనం ఉన్నచోటికే మార్కులు వచ్చాయి. అలా చూసుకున్నవారు వెబ్‌సైటు గడప తొక్కనే లేదు.

వరద ఎంత వేగంగా వస్తుందో అంతే వేగంగా తీస్తుంది. లింకులను కుదించే బిట్లీ సంస్థ 2011లో ఒక లెక్క ప్రకటించింది. ఒక లింకుకు ఉధృతి తారస్థాయికి చేరాక రాబోయే క్లిక్కుల్లో సగం రావడానికి పట్టే సమయం ట్విటర్‌లో సగటున 2.8 గంటలు, ఫేస్‌బుక్‌లో 3.2 గంటలు, యూట్యూబ్ లింకులకు 7.4 గంటలు. మధ్యాహ్నం భోజనానికి పెట్టిన లింకు సాయంత్రం టీకి పాతబడిపోతుంది. ఇందుకు మినహాయింపు పింటరెస్ట్ లాంటివి. అక్కడ జనం ముగ్గులు, బ్లౌజు డిజైన్లు, వంటలు దాచుకుంటారు. దాచుకున్నది నెలల తర్వాత పండగ దగ్గరపడ్డప్పుడు తెరుస్తారు. కబుర్లు చెప్పుకునే చోటు నుంచి వచ్చే ట్రాఫిక్ ఉప్పెన, దాచుకునే చోటు నుంచి వచ్చేది ఊట.

వైరల్ అన్న మాట వినగానే ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరు నలుగురికి అంటించే గొలుసు కళ్లముందు మెదులుతుంది. నిజానికి అలాంటి పొడవాటి గొలుసులు అరుదు. శరద్ గోయల్, డంకన్ వాట్స్, మరో ఇద్దరు పరిశోధకులు ట్విటర్‌లో వంద కోట్ల వ్యాప్తి ఘటనలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం అత్యధిక లింకులు ఎక్కడా పాకకుండానే ఆగిపోతాయి. బాగా పాకినవాటిలోనూ ఎక్కువ భాగం పెద్ద ఖాతా ఒకటి ఒకేసారి లక్షలమందికి చూపించడం వల్ల వచ్చిందే. సినిమా హీరో ఒక లింకు పెడితే అభిమానులు నొక్కుతారు. అది అంటువ్యాధి కాదు, మైకులో చెప్పడం. చిన్న సైట్లు వెయ్యిమంది మామూలు మనుషులను బతిమాలడం కన్నా ఒక పెద్ద పేజీ అడ్మిన్‌ను పట్టుకోవడానికి తిరగడం వెనుక ఉన్న లెక్క ఇదే.

ఏది పారుతుందో ముందే ఎందుకు చెప్పలేరు? దీనికి మంచి జవాబు 2006లో సైన్స్ పత్రికలో వచ్చింది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ కలిసి 14,341 మందికి ఆన్‌లైన్‌లో 48 తెలియని పాటలు వినిపించారు. కొందరికి పాటల పేర్లు మాత్రమే కనిపించాయి. మిగతావారిని ఎనిమిది వేర్వేరు లోకాలుగా విడదీసి, ఆ లోకంలో ముందు వచ్చినవాళ్లు ఏ పాటను ఎన్నిసార్లు దించుకున్నారో చూపించారు. ఇతరుల ఎంపిక కనిపించిన ప్రతిచోటా గెలిచిన పాటలకూ ఓడిన పాటలకూ మధ్య దూరం పెరిగింది. కానీ ఒక లోకంలో నెత్తిన పెట్టుకున్న పాట ఇంకో లోకంలో అడుగున పడింది. మరీ మంచి పాటలు బొత్తిగా ఓడలేదు, మరీ చెడ్డవి గెలవలేదు; మధ్యలోవాటి తలరాత మొదట వచ్చినవాళ్ల చేతిలో ఉంది. విడుదల రోజు ట్రైలరు వ్యూల అంకె కోసం అభిమాన సంఘాలు పడే తాపత్రయం పిచ్చి కాదన్నమాట. మొదటి గంట అంకె రెండో గంట జనాన్ని తెస్తుంది.

వచ్చినవారు ఎంతసేపు ఉంటారన్నది అంత సంతోషకరమైన విషయం కాదు. వెబ్ ట్రాఫిక్‌ను కొలిచే చార్ట్‌బీట్ సంస్థ అధిపతి టోనీ హెయిల్ 2014లో టైమ్ పత్రికలో రాసినదాని ప్రకారం, పేజీ తెరిచినవారిలో 55 శాతం మంది చురుగ్గా గడిపేది 15 సెకన్ల కన్నా తక్కువ. ఎక్కువ షేర్లకూ ఎక్కువసేపు చదవడానికీ సంబంధం కనబడలేదని కూడా ఆయన చెప్పారు. మొబైల్ పేజీ తెరుచుకోవడానికి మూడు సెకన్లు దాటితే సగానికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 53 శాతం మంది వెళ్లిపోతారని గూగుల్ మాట. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో నొక్కిన లింకు సాధారణంగా ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. పైన మూల ఒక ఇంటూ గుర్తు ఉంటుంది. అది నొక్కితే మళ్లీ పెళ్లి ఫొటోల దగ్గరికి. సైటులో ఇంకో పేజీకి పోవడం కన్నా వెనక్కి పోవడమే తేలిక.

ఇంత పలచటి ట్రాఫిక్ కోసం ఎందుకింత పోటీ అంటే, పలచగా ఉన్నా కోట్లలో ఉంటుంది కాబట్టి. ప్రతి పేజీ మీదా ప్రకటన ఉంటుంది కాబట్టి. 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు మాసిడోనియాలోని వెలెస్ అనే చిన్న పట్టణంలో కుర్రాళ్లు వందకు పైగా అమెరికా రాజకీయ సైట్లు నడిపారు. వాళ్లకు ట్రంప్ మీద ప్రేమ లేదు, ద్వేషమూ లేదు. ట్రంప్ అభిమానులు ఫేస్‌బుక్‌లో బాగా షేర్ చేస్తున్నారని గమనించి, వాళ్లు నమ్మే అబద్ధాలు అల్లి పెట్టారు. ఒక్కో క్లిక్కూ ప్రకటనల ఆదాయం తెచ్చింది. అమెరికా నుంచి వచ్చే సందర్శకుడికి ప్రకటనకర్తలు ఎక్కువ చెల్లిస్తారు, గుట్టంతా అదే. ఈ గుట్టు తెలుగు సినిమా సైట్లకు ఎప్పటినుంచో తెలుసు. పెద్ద సినిమాల ప్రీమియర్లు అమెరికాలో ముందు రోజు సాయంత్రమే పడతాయి. అప్పటికి ఇక్కడ తెల్లవారుజాము. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటర్వెల్‌లో బయటికొచ్చినవాళ్ల ట్వీట్లు, వెంటనే సమీక్ష లింకులు, రెండు ఖండాల్లో ఒకేసారి ఫోన్లు పట్టుకున్న అభిమానులు. సమీక్ష కింద రేటింగ్ అంకె ఒక్కటి చూసి, స్క్రీన్‌షాట్ తీసి, ఇక తిట్టుకోవడానికి ఎక్స్‌లోకి (ఒకప్పటి ట్విటర్) వెళ్లిపోతారు.

తలుపు తాళంచెవి మాత్రం వెబ్‌సైట్ల దగ్గర ఎప్పుడూ లేదు. కాలువ కింద సాగు చేసే రైతుకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. లాకులు ఎత్తేదీ దించేదీ ఇంకొకరు, చివరి భూములకు నీరు వస్తే వచ్చినట్టు. 2018 జనవరి 11న ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జకర్‌బర్గ్ ఒక ప్రకటన చేశాడు: ఫీడ్‌లో ఇకపై బంధుమిత్రుల పోస్టులకు పెద్దపీట వేస్తామని. వార్తల వాటా ఐదు శాతం నుంచి నాలుగుకు తగ్గుతుందని వారం తర్వాత చెప్పాడు. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. అమెరికాలో మహిళల కోసం నడిచిన లిటిల్‌థింగ్స్ అనే సైటు ట్రాఫిక్ కూలిపోయి ఆ మరుసటి నెలలోనే మూతపడింది. అంతకుముందు వీడియోలే భవిష్యత్తని ఫేస్‌బుక్ చెప్పగా నమ్మి ఎన్నో పత్రికలు రాసేవాళ్లను తీసేసి కెమెరాలు కొన్నాయి. వీడియో చూసే సగటు సమయాన్ని ఎక్కువ చేసి చూపామని ఫేస్‌బుక్ 2016లో ఒప్పుకుంది. మూడు సెకన్లలోపు వెళ్లిపోయినవారిని సగటులో కలపలేదట. ప్రకటనకర్తలు వేసిన దావా 2019లో నాలుగు కోట్ల డాలర్ల దగ్గర రాజీ అయింది. ఉద్యోగాలు పోయినవాళ్లకు మాత్రం ఆ రాజీలో వాటా లేదు.

2023 వచ్చేసరికి తలుపులు వరసగా మూసుకున్నాయి. వార్తలకు డబ్బు చెల్లించాలన్న చట్టం వచ్చిందని కెనడాలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఆగస్టు నుంచి వార్తల లింకులనే తీసేసింది. ఎక్స్ అదే ఏడాది అక్టోబరులో లింకు బొమ్మల మీది శీర్షికలు తొలగించింది. లింకును పోస్టులో కాక కింద జవాబులో పెట్టుకోమని దాని యజమాని ఎలాన్ మస్క్ తర్వాత సలహా ఇచ్చాడు. చార్ట్‌బీట్ లెక్కల ప్రకారం వార్తా సైట్లకు ఫేస్‌బుక్ నుంచి వచ్చే ట్రాఫిక్ ఆ ఒక్క ఏడాదిలో 48 శాతం, ఎక్స్ నుంచి 27 శాతం పడిపోయింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసిన లింకు నొక్కితే పనిచేసే వీలు మొదటినుంచీ లేదు. బయోలో ఒకే లింకుకు చోటుండేది. ఆ ఒక్క చోటులో పది లింకులు ఇరికించడానికి 2016లో మెల్‌బోర్న్‌లో లింక్‌ట్రీ అనే కంపెనీ పుట్టింది. ఒక ఇరుకు మీద ఒక వ్యాపారం నిలబడింది.

మనదేశంలో మాత్రం అసలు రాకపోకలు వాట్సాప్‌లో జరుగుతాయి. 2019 నాటికే ఇక్కడ దానికి 40 కోట్ల మంది వాడకందారులు. వాట్సాప్ ట్రాఫిక్‌తో చిక్కేమిటంటే అది కనిపించదు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేటప్పుడు బ్రౌజరు తానెక్కడి నుంచి వస్తున్నదీ కొత్త సైటుకు చెబుతుంది. ఆ సమాచారాన్ని మోసే వరుస పేరు రెఫరర్. 1996 నాటి ప్రమాణ పత్రంలో దాని ఇంగ్లీషు స్పెల్లింగు నుంచి ఒక అక్షరం జారిపోయింది. దిద్దుకునేలోపు సర్వర్లన్నీ ఆ తప్పుకే అలవాటుపడ్డాయి, నేటికీ అదే నడుస్తోంది. వాట్సాప్‌లో నొక్కిన లింకుకు సాధారణంగా ఈ జాడ ఉండదు. ఎక్కడి నుంచో తెలియని సందర్శకులందరినీ లెక్కల యంత్రం నేరుగా వచ్చినవాళ్ల ఖాతాలో వేస్తుంది. అట్లాంటిక్ పత్రికలో అలెక్సిస్ మాడ్రిగల్ 2012లో ఈ తిరకాసు పట్టుకున్నాడు. గజం పొడవున్న వ్యాసం చిరునామాను ఎవరూ చేత్తో టైపు చేసి రారు, కాబట్టి ఎవరో చాటుగా పంపిందే అయి ఉండాలి. దానికి డార్క్ సోషల్ అని పేరు పెట్టాడు. తమ సైటుకు సోషల్ దారుల్లో వచ్చేవారిలో సగానికి పైగా ఈ చీకటి దారిన వచ్చినవారేనని లెక్క తేల్చాడు.

జాడ కోసం లింకు చివర ప్రశ్నార్థకం పెట్టి యూటీఎం అనే తోక తగిలించే పద్ధతి ఉంది. గూగుల్ 2005లో కొనుక్కున్న అర్చిన్ అనే కంపెనీ నుంచి వచ్చింది ఆ పేరు. ఆ తోకతోనూ పూర్తిగా పని జరగదు. ఫేస్‌బుక్ కోసం తగిలించిన లింకును ఎవరో కాపీ చేసి కాలనీ గ్రూపులో వేస్తారు, అక్కడి నుంచి బంధువుల గ్రూపుకు పోతుంది. వచ్చినవారందరూ ఫేస్‌బుక్ లెక్కలోనే పడతారు.

వాట్సాప్ జనం నడవడికకు ఇంకో గుణం ఉంది: లింకు మీద నమ్మకం లింకు నుంచి రాదు, పంపినవారి నుంచి వస్తుంది. బాబాయి పంపాడంటే నిజమే అయ్యుంటుంది. ఇది మంచికీ చెడుకీ పనిచేసింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలన్న పుకార్లతో 2018లో దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. తెలంగాణలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊళ్లలో జానపద గాయకులతో పాటలు పాడించి జనాన్ని హెచ్చరించారు. ఫోన్లో వచ్చినదాన్ని డప్పుతో ఎదుర్కొన్నారన్నమాట. ఆ జులైలోనే వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకే పంపే పరిమితి పెట్టింది. బాగా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో బిగించాక అలాంటివాటి ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని ప్రకటించింది.

లింకునే వదిలేయడం తాజా అలవాటు. తెలుగు పత్రికల ఈ-పేపర్లలో కావలసిన వార్త చుట్టూ గీత గీసి ముక్కగా కత్తిరించే వీలుంది. తెల్లవారేసరికి మండల విలేకరులు, పార్టీ కార్యకర్తలు, పంచాయతీ పెద్దలు తమ పేరున్న ముక్కలు కత్తిరించి గ్రూపుల్లోకి వదులుతారు. ముక్క పైన పత్రిక పేరు, తేదీ, ఎడిషను ఉంటాయి. చదవడానికి ఇంకెక్కడికీ వెళ్లనక్కర్లేదు. సన్మానం పొందినవారు స్టేటస్‌లో పెట్టుకుంటారు, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు దాన్ని తన ఆఫీసు మిత్రులకు చూపిస్తాడు, దుబాయ్‌లో ఉన్న అల్లుడు బొటనవేలు గుర్తు పెడతాడు. సాయంత్రానికి ఆ ముక్కను కొన్ని వేలమంది చదివి ఉండొచ్చు. పత్రిక వెబ్‌సైటు లెక్కల్లో మాత్రం తెల్లవారుజామున దాన్ని కత్తిరించినవారి సందర్శన ఒక్కటే నమోదై ఉంటుంది.